ఒక్కరు తగ్గినా ఆగిపోయే నాటకం

వాన కురిసిన ఏడూ కురవని ఏడూ ఒకే విధంగా పొద్దును మా మిట్టల మీదికి తీసుకొచ్చే నా దేవునికి ముందుగా స్తోత్రం. ఎండిన చేని గట్టున నిలబెట్టి కూడా నా నోట పాట ఆగిపోనివ్వలేదు ఆయన. ఈ వయసులో చూపు మసకబారినా అక్షరం ఇంకా ఆనుతోందంటే, మోకాళ్ళు నొప్పులు పుట్టినా వాటి మీద వంగి ఆయన సన్నిధిలో కూర్చోగలుగుతున్నానంటే అది నా గొప్ప ఏమీ కాదు, ఆయన కనికరం. ఏ పని మొదలుపెట్టినా ఆయనను తలుచుకొని మొదలుపెట్టమని మా నాయన నేర్పించాడు. ఇప్పుడు రాయబోయే సంగతి బరువైనది. అందుకని ఆ అలవాటు ఈ పూట నాకు మామూలు కంటే ఎక్కువ అవసరమనిపించింది.

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికొచ్చేసరికి మా అక్క కొడుకు ఒక అట్టపెట్టె తెచ్చి మా వసారాలో దించి, చెమట తుడుచుకుంటూ కూర్చొని ఉన్నాడు. కంబదూరుకు అవతల మా పాత ఊళ్ళో, ఒకప్పుడు అక్కా నేనూ పాఠాలు చెప్పిన బడికి ఇప్పుడు వాడే హెడ్మాస్టరు. నాటకాన్ని కూడా లెక్కలూ సైన్సూ లాగా తరగతి గదిలో కూర్చోబెట్టి నేర్పించాలని ఇప్పుడు పైఅధికారులు చెబుతున్నారట, అందుకు పనికొచ్చే పుస్తకాలు ఎంచి పేర్లు పంపమన్నారట, పంపిన వాటినే కొని బడికి ఇస్తారట. నాలుగు చోట్ల అడిగి తెచ్చిన నమూనా పుస్తకాలు ఆ పెట్టెలో ఉన్నాయి. అమ్మ ఉండింటే ఆమెనే అడుగుతుంటి చిన్నమ్మా, ఇంగ నువ్వే చూడాల అని చెప్పి, వేడి టీ సాసర్లో పోసుకొని తాగి వాడు వెళ్ళిపోయాడు.

పుస్తకాలు చూడముచ్చటగా ఉన్నాయి. నున్నని కాగితం, రంగుల బొమ్మలు, ప్రతి నాటికకూ ముందు అది ఎంతసేపు ఆడాలో, ఏమేమి సామాను కావాలో, పిల్లల చేత ఏమేమి అడిగించాలో వివరంగా రాసి పెట్టారు. మా కాలంలో ఇలాంటివి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ తిప్పుతున్నాను గానీ, నా వేలు మాత్రం దాని పాటికది ప్రతి నాటిక మొదట్లో పాత్రల పట్టిక దగ్గరికే పోయి ఆగుతోంది. ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎవరు లేకపోయినా జరుగుతుంది, ఎవరు లేకపోతే జరగదు అని వెతుకుతోంది. నాలుగైదు పుస్తకాలు అయ్యాక గానీ నాకు తెలియలేదు, ఆ వెతికేది నేను కాదు, నాలో ఉన్న అక్క అని. పుస్తకం మూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఆ మధ్యాహ్నం ఇంక చూడలేకపోయాను.

అక్క నాకంటే ముందు ఉద్యోగంలో చేరింది. ఆమె తెలుగు చెప్పేది, నేను చిన్న తరగతులు చూసుకునేదాన్ని. మా వైపు సంగతి నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. శెనక్కాయ ఒక్కటే పంట, అది ఆకాశం చూసి వేసే పంట. చేలో కాయ కంటే గుల్ల ఎక్కువ రాలిన ఏడు, దసరా పోయేసరికి ఊరు సగం ఖాళీ అయ్యేది. మేస్త్రీ గుంపులు కట్టుకొని బెంగుళూరుకు బేల్దారి పనికి పోయేవాళ్ళు. మగవాళ్ళు గోడలు కట్టేవాళ్ళు, ఆడవాళ్ళు ఇసుకా సిమెంటూ మోసేవాళ్ళు, చంటిబిడ్డలను చూసుకునేదానికి ఎనిమిదో తొమ్మిదో చదివే ఆడపిల్లను బడి మాన్పించి వెంట తీసుకుపోయేవాళ్ళు. అలా పోయిన పిల్ల మళ్ళీ వచ్చి పలక పట్టడం మేము చూసింది తక్కువ. హాజరు పిలుస్తుంటే పలకని పేర్లు పెరుగుతూ పోయేవి. ఆ పేర్లను కూడా అక్క వదలకుండా పిలిచేది, పిలిచి కాస్త ఆగేది.

ఇళ్ళకు పోయి బతిమాలితే ఎవరూ వినేవాళ్ళు కాదు. చదువు గొప్పది అని మేము చెబితే, ఆకలి అంతకంటే పెద్దది అని వాళ్ళు మొహం మీదే చెప్పేవాళ్ళు. అప్పుడు అక్కకు నాటకం తట్టింది. మా సంఘంలో ఈస్టరు, అదే పునరుత్థాన పండుగ సాయంత్రం మందిరం ముందు పిల్లలు నాటకం ఆడటం ముందు నుంచీ ఉంది. ఆ పండుగ అయిన వెంటనే పెద్ద పరీక్షలు వస్తాయి. పండుగ దాకా పిల్ల ఊళ్ళో నిలిస్తే పరీక్ష రాసేస్తుంది, పరీక్ష రాస్తే పై తరగతికి పోతుంది. కాబట్టి వలస పోబోయే ఇళ్ళ పిల్లలనే చూసి పెద్ద వేషాలు ఇయ్యాలి, తరగతిలోనే పాఠంతో పాటు దాన్ని నేర్పుతూ నెలలు సాగదీయాలి, ఒక్క పిల్ల లేకపోయినా మొత్తం ఆట ఆగిపోయేలా ఉండాలి. అప్పుడు ఆ పిల్లను తీసుకుపోవడమంటే ఊరందరి పండుగనూ చెడగొట్టడమవుతుంది. అక్క లెక్క ఇది. నాటకంలో నటన నేర్పడం, గొంతు విప్పించడం, ఇవన్నీ ఆమెకు ఇష్టమే గానీ, పుస్తకం ఎంచేటప్పుడు మాత్రం ఆమె చూసింది ఆ ఒక్కటే.

ఆ పుస్తకాల కోసం ఇద్దరమూ అనంతపురం పోయేవాళ్ళం. బజారులో ఒక శెట్టి గారి అంగడి ఉండేది, బడి పుస్తకాలూ పంచాంగాలూ పక్కపక్కనే అమ్మేవాడు. బయట నిలబడి పక్క చెప్పుల అంగడి వాళ్ళతో మాట్లాడుతూనే లోపల ఎవరు ఏ పుస్తకం ముట్టుకున్నారో కనిపెట్టేవాడు. వచ్చే టీచర్లందరూ తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో అయిపోయేవి అడిగితే, మా అక్క ఒక్కో పుస్తకం తెరిచి వేళ్ళు మడుస్తూ పాత్రలు లెక్కపెట్టి, చాలదు అని పెట్టేసేది. ఒకసారి ఆయన ఉండబట్టలేక, "ఏమమ్మా టీచరమ్మా, అందరూ నాటకం అడిగితే నువ్వు తిరునాళ్ళ అడుగుతాండావే" అన్నాడు. అక్క నవ్వలేదు, ఇంకా పైఅరలో ఉన్నవి దించమంది.

దొరికినవన్నీ కోస్తా వైపు వాళ్ళు రాసినవే. వాటిల్లో ఏరు లేకుండా కథ నడవదు, పడవ లేకుండా ఏరు ఉండదు. మా పిల్లల్లో పడవ చూసిన వాళ్ళు ఎవరు. ఒక ఏడు పడవ నడిపే వేషం ఇచ్చిన పిల్లవాడు తెడ్డు వేయమంటే రెండు చేతులూ మార్చి మార్చి పైకి లాగుతూ నిలబడ్డాడు. వాడికి తెలిసిన నీళ్ళు బావిలో ఉండేవే, వాటిని లాగాలి గానీ తోయకూడదు. చూసిన వాళ్ళందరూ కడుపు పట్టుకొని నవ్వారు, నేనూ నవ్వాను, అక్క మాత్రం ఆ పిల్లవాడి చేతులనే చూస్తూ ఆలోచనలో పడింది. మరుసటి ఏడు ఊరందరూ తలా ఒక పలక తెచ్చి పడవ కట్టుకునే నాటిక ఒకటి దొరికితే, దాన్ని మొత్తం మార్చి బావి నాటకం చేసింది. బావిలో నీళ్ళు లోతుకు పోయాయి, ఎవరి చేంతాడూ అందదు, అందుకని ఇంటికొకరు తమ తాడు తెచ్చి ముడివేయాలి. ఏ ఒక్కరి తాడు తగ్గినా కడవ నీళ్ళకు అందదు. అందరికంటే చివర, తాడే లేని ఒక పేదపిల్ల గట్టు మీది కిత్తలి మట్టల నుంచి తీసిన కిత్తనార పేనుకొచ్చి చివరి ముడి వేస్తుంది. పాత పుస్తకంలో ఈ పిల్ల లేదు, ఇది అక్క కలిపింది.

ఆ పిల్ల వేషం అక్క మా చెల్లెలికి ఇచ్చింది. చెల్లెలంటే తోడబుట్టినది కాదు, మా చిన్నాయన కూతురు, అప్పుడు ఎనిమిదో తరగతి. చిన్నాయనకు ఆ ఏడు చేను మొత్తం పోయింది. బెంగుళూరు ప్రయాణానికి మూటలు కట్టడమే తరువాయి, చంటివాణ్ణి ఎత్తుకోవడానికి చెల్లెలు కూడా పోవాలని ఇంట్లో తేలిపోయింది. ఆ పిల్ల చదువులో మెరిక. ఆమెను ఒక్క ఏడు ఆపగలిగితే ఆపైన ఆమె చదువే ఆమెను ఆపుకుంటుందని అక్క నమ్మకం. ఆ ఏడు అక్క వెదికిన పుస్తకమూ, మార్చిన కథా, కలిపిన పాత్రా అన్నీ ఆ ఒక్క పిల్లను బస్సు ఎక్కనీయకుండా ఉండటానికే.

చెల్లెలి తల్లి, మా పిన్నమ్మ గురించి ఒక్క మాట చెప్పాలి. మందిరంలో అందరికంటే పెద్ద గొంతు ఆమెది, రాగంతో పని లేదు, మేము చరణంలో ఉంటే ఆమె పల్లవిలో ఉండేది. పాస్టరమ్మ తిరిగి చూస్తే, దేవునికి నా గొంతు తెలియదా, నాకే తెలియదు గానీ అని నవ్వేది. కష్టం చెప్పుకుంటూ కూడా నవ్వించే మనిషి. కూతురికి పెద్ద వేషం వచ్చిందని తెలిసి మా అమ్మ దగ్గరికొచ్చి, "నా కూతురు నాటకంలో నీళ్ళు తోడి ఊరికంతా పోస్తాది సరే అక్కా, ఈ చంటోని ముడ్డి కడిగేకి యాడనుంచి తెచ్చుకోవాల?" అంది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూనే పిన్నమ్మ ఒప్పుకుంది. వాణ్ణి ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాలలో వేసి పని చేసుకుంటానంది.

అయితే ఊరికే ఒప్పుకుంటే సరిపోదని అక్కకు అనుభవం మీద తెలుసు. ఇంట్లో సరేనన్నవాళ్ళు తెల్లారి మేస్త్రీ వచ్చి నిలబడేసరికి మాట మార్చేవాళ్ళు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. వేషాలు బడిలో కాకుండా ఆదివారం ఆరాధన చివర మందిరంలో చదివించేది. చదివేది సంఘ పెద్దగా మా నాయన. ఒక్కో పిల్ల పేరు చదవగానే ఆ పిల్ల తండ్రి లేచి నిలబడి, నాటకం అయ్యేదాకా నా బిడ్డను ఊళ్ళోనే ఉంచుతానని దేవుని ఎదుట, సంఘం ఎదుట చెప్పాలి, సంఘం ఆమేన్ అనాలి. మాది మాటకు కట్టుబడిన సంఘం. మొక్కుకున్నది చెల్లించాలని, దేవుని ముందు నోరు జారకూడదని పసితనం నుంచీ విన్నవాళ్ళం. ఆమేన్ పడ్డాక ఏ తండ్రీ వెనక్కి పోలేదు. ఆ ఆదివారం చిన్నాయన కూడా లేచి, తలపాగా తీసి చేతిలో పట్టుకొని, ఆ మాట గట్టిగా చెప్పాడు. ఆమేన్‌లో పిన్నమ్మ గొంతే ముందు వినిపించింది.

వాళ్ళు పోయారు, చెల్లెలు మా ఇంట్లో ఉండిపోయింది. ఆ శీతాకాలం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. తరగతిలో బెంచీలు గోడకు జరిపి, మధ్యలో సుద్దముక్కతో బావి గీసి, పిల్లలు దాని చుట్టూ నిలబడి లేని తాడును లాగేవాళ్ళు. లేని బరువును చేతుల్లోకి ఎలా తెచ్చుకోవాలో, మాట లేనప్పుడు కూడా నిలబడి ఉండటం ఎలాగో అక్క చెప్పేది. చదవడం రాని పిల్లలు సైతం ఒకరి మాటలు ఒకరివి విని విని మొత్తం అప్పజెప్పేవాళ్ళు. చెల్లెలు ఉత్తుత్తి నార వద్దని నిజమైన కిత్తనార తెచ్చి, మా అవ్వ దగ్గర పేనడం నేర్చుకుని, సాయంత్రాలు గుమ్మంలో కూర్చొని తొడ మీద పేనుతూ ఉండేది. అరచేతులు దురద పుట్టి ఎర్రబడేవి. ఈ తాడు నిజంగానే కడవను మోస్తాదక్కా అని నాకు లాగి చూపించేది. ఆ పిల్ల అంత సంతోషంగా ఉండటం అంతకు ముందూ చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

మట్టల ఆదివారానికి, అంటే పండుగకు సరిగ్గా వారం ముందు, మా ఊరి మనిషి ఒకడు బెంగుళూరు నుంచి వచ్చాడు, చిన్నాయన పనిచేసే గుంపులోనే వాడూ ఉండేవాడు. మందిరం నుంచి వస్తుంటే మా నాయనను పక్కకు పిలిచి, పిన్నమ్మకు జ్వరంగా ఉందని, పనికి పోకుండా గుడిసెలోనే పడుకొని ఉందని చెప్పాడు. చిన్నాయన మరీ మరీ చెప్పి పంపించాడట, పిల్లను మాత్రం పంపొద్దని, దేవుని ముందర ఇచ్చిన మాట ఉండాదని. ఇంటికొచ్చాక అక్క మరునాటి బస్సుకే పిల్లను తీసుకొని తానే పోయి వస్తానంది. నాటకం సంగతి ఏమిటని అమ్మ అడిగితే, ఆగిపోతే ఆగిపోనీ అంది. నాయన మెల్లగా, "మాట ఇచ్చినోడే వద్దంటాండాడు గదమ్మా. వాడు నిలబెట్టుకుంటాండే మాటను మనమెట్ల పాడు చేసేది? పండగెంత, కండ్ల ముందరే ఉండాది" అన్నాడు. జ్వరాలు మాకు కొత్త కాదు. ఎండాకాలం మొదట్లో ఇంటింటికీ వచ్చి పోయేవే. మోకాళ్ళూని ప్రార్థించాము, పిన్నమ్మ పేరు పెట్టి అందరమూ ఏడ్చి ప్రార్థించాము. లేచేసరికి అక్క కూడా నాయన మాటకే తలవంచింది. చెల్లెలు వంటింటి గడప మీద నిలబడి అంతా వింటూనే ఉంది.

పండుగ సాయంత్రం నాటకం ఎంత బాగా జరిగిందో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు. చివర్లో చెల్లెలు తాను పేనిన తాడు ముడివేసి లాగుతుంటే, కడవ నిజంగా పైకొస్తున్నట్టే ముందు వరుసలో ముసలమ్మలు మెడలు చాచి చూశారు. నీళ్ళు లేని ఏడు అది, ఆ ఉత్త కడవ చూసి జనం కళ్ళు తుడుచుకున్నారు.

మరునాడు పొద్దెక్కేసరికి చిన్నాయన చంటివాణ్ణి భుజాన వేసుకొని కాలినడకన రోడ్డు మీది నుంచి వచ్చాడు. వెంట పిన్నమ్మ లేదు. పండుగకు ముందు రోజు, శనివారం, ఆమె ప్రభువు దగ్గరికి పోయింది. శవాన్ని ఇంత దూరం తెచ్చే దారి లేక, అక్కడి తెలుగు సంఘం వాళ్ళెవరో దయ తలచి వాళ్ళ సమాధుల తోటలోనే మట్టి చేశారు. కబురు ఎందుకు చేయలేదప్పా అని నాయన గోడకు ఆనుకొని అడిగాడు. చిన్నాయన కళ్ళల్లో నీళ్ళు లేవు, అవి దారిలోనే అయిపోయినట్టున్నాయి. "తెలిస్తే పిల్ల నిలబడదని చెప్పల్యా. మాట తప్పల్యా గదన్నా మేము?" అన్నాడు. అది ప్రశ్న. నాయన దానికి జవాబు చెప్పాలి, సంఘ పెద్ద కాబట్టి చెప్పాలి. తప్పలేదు తమ్ముడా అని అనవచ్చు, అది నిజమే, కానీ ఆ నిజం చెప్పకుండా ఆయన వసారాలో చాప పరిచి తమ్ముణ్ణి కూర్చోబెట్టాడు. కనికరం గురించి ఎన్నో ప్రసంగాలు చేసిన మనిషి ఆయన, విన్నవాళ్ళం మేము. మాట ఇచ్చిన వాణ్ణి ఆ మాట నుంచి విడిపించే అధికారం కూడా సంఘానికి ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. తట్టి ఉంటే ఒక్క ఆమేన్‌తో అయిపోయేది.

చెల్లెలు ఏడవలేదు. తమ్ముణ్ణి తీసుకొని చంకన వేసుకుంది, వాడు ముందు కొత్తచేసి, తరువాత గుర్తుపట్టాడు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు అక్క వైపు తిరిగి, పాఠంలో అర్థం కాని మాట అడిగినట్టుగా, "నేనాడ ఉండింటే నీళ్ళన్నా తాపుతుంటి గదక్కా?" అంది. అక్క ముద్ద ఎత్తలేకపోయింది.

ఆ పిల్ల పరీక్షలు రాసింది, పాసయింది. అక్క లెక్క తప్పలేదు, చదువే ఆమెను నిలబెట్టుకుంది, నర్సు అయింది, తమ్ముణ్ణి పెంచి ఇంటివాణ్ణి చేసింది. అయితే ఆ తరువాత నాటకంలోకి మాత్రం రాలేదు. మందిరంలో పిల్లలు ఏ చిన్న వేషం వేసినా ఆమె లేచి బయటికి పోయి, వేపచెట్టు కింద చెప్పుల దగ్గర నిలబడేది.

అక్క కూడా మారిపోయింది. మందిరంలో వేషాలు చదివించడం ఆ ఏటితో ఆపేసింది. శెట్టి గారి అంగడికి పోయినప్పుడు ఇద్దరో ముగ్గురో ఉండేవి, ఒకరు పోతే ఇంకొకరు వేయగలిగేవి ఏరుకునేది. ఆయన ఈసారి ఎకసెక్కం ఆడకుండా అడిగినవి కట్టి ఇచ్చాడు. తరగతిలో ప్రతి పిల్లకూ అందరి మాటలూ నేర్పించేది, ఎవరు వెళ్ళిపోయినా ఆట ఆగకుండా. ఆట ఆగలేదు, పిల్లలే ఆగలేదు. నవ్వుతూ చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు, మేము రోడ్డు దాకా వచ్చి సాగనంపేవాళ్ళం. అలా పోయిన వాళ్ళలో మంచి తెలివైన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఒకామె చాలా ఏళ్ళకు కళ్యాణదుర్గం బస్టాండులో తట్ట నెత్తిన పెట్టుకొని ఎదురుపడి, నన్నెందుకు ఆపల్యా టీచరూ అని అడిగిందట. అక్క ఇంటికొచ్చి ఆ సంగతి నాతో చెబుతూ, "ఆపితే అట్లయ్యె, పంపితే ఇట్లయ్యె. ఏ పుస్తకం పట్టుకోమంటావే నన్ను?" అంది. ఆఖరి రోజుల్లో మంచం పట్టాక కూడా ప్రార్థనలో చెల్లెలి పేరూ, బస్టాండులో ఎదురైన ఆమె పేరూ ఒకదాని వెంట ఒకటి వచ్చేవి.

అట్టపెట్టె వసారాలో అలాగే ఉంది. నాలో నేను తేల్చుకోలేక నిన్న బస్సెక్కి కళ్యాణదుర్గం పోయాను. చెల్లెలు డ్యూటీ దిగి అప్పుడే ఇల్లు చేరింది, కాళ్ళు కడుక్కొని వచ్చి నా పక్కన కూర్చుంది. తల సగం నెరిసింది, నవ్వితే మాత్రం పిన్నమ్మే. ఇన్నేళ్ళలో మేమిద్దరమూ ఆ నాటకం ఊసెత్తలేదు. నేను పెట్టె సంగతి చెప్పాను, అక్క రెండు పద్ధతులూ చెప్పాను, ఏది మంచిదని నిన్ను అడగడానికే వచ్చానన్నాను. అడిగాక నాకే భయమేసింది, ఈ మాట ఎందుకెత్తానా అని. ఆమె కోపగించుకోలేదు. నా చేతిలో ఉన్న పుస్తకాన్ని తీసుకొని రెండు పుటలు తిప్పి, మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"అందరూ ఉండాల్సిన నాటకమే మంచిదక్కా. అది లేకపోతే నాకీ ఉద్యోగం యాడిది, ఈ ఇల్లు యాడిది. అక్క మీద నాకు ఏ పొద్దూ కోపం ల్యా." ఒళ్ళోని పుస్తకం మీద చెయ్యి వేసింది. "కానీ ఆ దినం చర్చీలో మా నాయన్ను లేపి అడిగిరి. జ్వరమని తెలిసినప్పుడు పెద్దోళ్ళు పెద్దోళ్ళు అనుకుంటిరి. నేనాడే గడప మీద నిలబడుంటి. నన్నెవరూ అడగల్యా."

అడిగి ఉంటే ఏమనేదానివని నేను అడగలేదు, అయినా ఆ ప్రశ్న నా మొహంలో ఉన్నట్టుంది.

"ఏమో, ఉంటాననే అంటుంటినేమో. చిన్నదాన్ని, తాడు పేనే పిచ్చిలో ఉంటి. అయినా అప్పుడు ఆ మాట నాదయ్యుండేది గదా. అమ్మకు చెప్పుకునేకి నా మాటంటూ ఒకటుండేది."

ఆమె లేచి పొయ్యి వెలిగించింది, నాకు కాఫీ పెట్టింది. అక్కడి నుంచి మాటలు వేరే వాటి మీదికి మళ్ళాయి, ఆమె కూతురి పరీక్షలు, నా మోకాళ్ళ మందులు. వచ్చేటప్పుడు బస్సు దాకా వచ్చి కిటికీ పక్కన నిలబడింది.

ఇంటికొచ్చి మా అక్క కొడుకుకు ఫోను చేసి, అందరూ ఉండాల్సిన నాటకాల పుస్తకాలు రెండు రాసుకోమన్నాను, అయితే వేషం ఇచ్చేటప్పుడు ముందు పిల్లనే అడగాలని, ఆ పిల్ల వద్దంటే విడిచిపెట్టాలని, మధ్యలో ఇంట్లో ఏ కబురొచ్చినా మళ్ళీ ఇంకోసారి అడగాలని చెప్పాను. వాడు అంతా విని, కాస్త తటపటాయించి, బడిలో ఇప్పుడున్న పిల్లలందరినీ కలిపినా ఆ నాటకాలకు సరిపోరు చిన్నమ్మా అన్నాడు. అప్పట్లో తల్లిదండ్రులు పోతే పిల్లలను ఆపుకోవడానికి కొట్లాడేవాళ్ళం. ఇప్పుడు ఇంటికి తాళాలు వేసి ఇంటిల్లిపాదీ పోతున్నారు, పోయినవాళ్ళు ఏ పండుగకో ఓటుకో వచ్చి పోతున్నారు. ఉన్నవాళ్ళ పిల్లలు పొద్దున్నే వ్యానెక్కి టౌను బళ్ళకు పోతున్నారు. నున్నని కాగితం మీద పుస్తకాలు వచ్చాయి, నాటకం పాఠం అయింది, అక్క కలలో కూడా అనుకోనన్ని మంచి పద్ధతులు వచ్చాయి. అడగవలసిన పిల్ల మాత్రం ఆ గడప మీద లేదు. అయినా ఆ రెండు పుస్తకాలే పంపమన్నాను. ఉన్న కొద్దిమంది పిల్లలతో పాటు పక్క బడి వాళ్ళను కూడా పిలుచుకుంటానని వాడన్నాడు, వాడి నోట ఆ మాట రావడమే నాకు కొంత ఊరట.

ఇది చదువుతున్న నా ఈడు అక్కచెల్లెళ్ళారా, అన్నదమ్ములారా, మీలో కూడా పెద్దమనుషులుగా నిలబడి ఎవరి తరపునో మాట ఇచ్చినవాళ్ళు ఉంటారు. చిన్నాయన తప్ప మాలో ఎవరూ చూడని ఒక సమాధి బెంగుళూరులో ఉంది, దాని మీద పేరుందో లేదో కూడా తెలియదు. అందులో నిద్రించిన మా పిన్నమ్మను ఆయన ఎరుగును, ఆమె గొంతును కూడా ఎరుగును. నాతో కలిసి ఒక్క నిమిషం తలవంచండి. తండ్రీ, నీ పేరు చెప్పి మేము పిల్లల మీద వేసిన ముడులను నీ చేత్తో నీవే విప్పు. ఇసుక కుప్పల పక్కన ఈ పూట తమ్ముళ్ళను ఎత్తుకొని నిలబడిన ఆడపిల్లల దగ్గరికి నీవే పోయి, నీకేమి కావాలమ్మా అని వాళ్ళను అడుగు. మేము అడగలేదు.